విశ్రాంతి కోసం చేసే తూర్పు–పడమర మిశ్రమ వాద్య సంగీతంలో రాగం నిలుస్తున్నదా?

వీణ బోధకురాలు, మల్కాజిగిరి

మా అపార్టుమెంటు యోగా హాలులో ప్రతి ఉదయం ఐదున్నరకు మెత్తని వాద్య సంగీతం వేస్తారు. పియానో, దాని మీద వేణువు, వెనుక అలల హోరు ఉంటాయి. గత వారం నా దగ్గర వీణ నేర్చుకునే పదకొండేళ్ళ అమ్మాయి పాఠానికి వచ్చి, "టీచర్, హాల్లో వేసినదాని పేరు తోడి రాగం అని తెర మీద ఉంది. అందులో గాంధారం కదలనే లేదు. మరి నేను ఇన్నాళ్ళుగా వేళ్ళు కోసుకుపోయేలా లాగుతున్నది ఎందుకు?" అని అడిగింది. అప్పటికప్పుడు నేను చెప్పిన జవాబు నాకే తృప్తినివ్వలేదు కనుక ఈ చర్చను ఇక్కడ మొదలుపెడుతున్నాను.

తోడి గాంధారాన్ని, అంటే సరిగమల్లోని 'గ'ను, వీణ మీద దాని సొంత మెట్టు మీద మీటితే తోడి పలకదు. రిషభం ('రి') మెట్టు మీద వేలు ఉంచి, తీగను పక్కకు లాగి, మధ్యమం ('మ') అంచు దాకా తీసుకువెళ్ళి వెనక్కు వదులుతూ ఉంటే, ఆ రాకపోకల నడుమ చెవికి గాంధారం అందుతుంది. నేర్చుకునేవారికి చూపుడు వేలి కొన మీద తీగ గాటు పడి, నల్లబడి, చివరికి కాయ కాస్తుంది. ఆ కాయ కాచిన తరువాతనే రాగం లొంగుతుంది.

నా అభ్యంతరం కలపడం మీద కాదు. వయొలిన్‌ను బాలుస్వామి దీక్షితులు కర్ణాటక సంగీతంలోకి తీసుకువచ్చి సుమారు రెండు వందల ఏళ్ళయింది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ విన్న తెలుగువాడెవడూ అది పరాయి వాద్యమని అనుకోడు. నా అభ్యంతరమంతా కింద పరిచే కార్డ్‌ల మీద. మూడు నాలుగు స్వరాలను ఒకేసారి నొక్కి పట్టిన ఆ గుచ్ఛంలో గాంధారం ఒక చోట కట్టుబడి ఉంటుంది. పైన వేణువు అదే గాంధారాన్ని ఊపితే రెండూ ఒరుసుకుని అపశ్రుతిలా వినిపిస్తాయి కనుక, వేణువు విద్వాంసుడు ఊపడం మానేస్తాడు. తంబూరా అలా చేయదు. అది షడ్జ పంచమాలను ('స', 'ప') మాత్రమే పట్టుకుని మిగిలిన స్వరాలన్నిటికీ చోటు విడిచిపెడుతుంది. కార్డ్‌ల మీద కూర్చిన దానికి తోడి అని పేరు పెట్టడం సబబా, కాదా అన్నదే నా ప్రశ్న.

రాత్రి షిఫ్టు శ్రోత, గచ్చిబౌలి

టీచరు గారూ, నాకు రాగాలు తెలియవు. రెండేళ్ళ క్రితం మా అమ్మ పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, పక్క మంచాల యంత్రాల చప్పుడుకు ఆమెకు నిద్ర పట్టేది కాదు. నా ఇయర్‌ఫోన్లలో ఒకటి ఆమె చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టి, మీరు చెబుతున్న లాంటి పియానో, వేణువుల సంగీతమే తక్కువ శబ్దంతో వేశాను. ముందు కీర్తనలు వేసి చూశాను. అమ్మకు సాహిత్యం అంతా కంఠతా వచ్చు కనుక ప్రతి చరణం వెంట మనసు నడిచి, నిద్ర ఇంకా దూరమైంది. మాట లేని సంగీతం వేసినప్పుడు పది నిమిషాల్లో ఆమె పట్టు సడలి, నా చేతిలో ఉన్న చేయి బరువెక్కేది. సంగీతం జబ్బు నయం చేసిందని నేను అనడం లేదు. ఆ రాత్రులు గడిచాయి, అంతే. అప్పుడు గాంధారం కదిలిందా అని మేము వినలేదు. అది తప్పయితే, ఆ తప్పు ఎవరికి నష్టం చేసిందో చెప్పండి.

విశ్రాంత ఉద్యోగి, చిక్కడపల్లి

నలభై ఏళ్ళుగా త్యాగరాయ గానసభలో కచేరీలు వింటున్నవాడిగా రెండు విషయాలు గుర్తుచేయాలని ఉంది.

మొదటిది, స్వరాన్ని కదపకుండా పలికించడం మన సంప్రదాయానికి కొత్త కాదు. సాక్షాత్తూ ముత్తుస్వామి దీక్షితులవారే ఇంగ్లీషు బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చి నోటు స్వరాలు రచించారు. అవి శంకరాభరణం స్వరాల్లో, గమకాలు (స్వరాన్ని ఊపడం, జార్చడం) లేకుండా, బ్యాండు బాణీలో నిటారుగా నడుస్తాయి. ఇప్పటికీ పిల్లలకు అవి నేర్పుతున్నాం. దీక్షితులవారు చేస్తే సంప్రదాయమూ, యోగా హాలులో వేస్తే అపచారమూ ఎలా అవుతుంది?

రెండవది సంతూర్ సంగతి. శివకుమార్ శర్మ గారు దాన్ని కచేరీ వేదిక మీదికి తెచ్చినప్పుడు, పుల్లలతో కొట్టే వాద్యంలో స్వరం నుంచి స్వరానికి జారు ఎలా వస్తుందని పండితులు పెదవి విరిచారు. 1967లో ఆయన సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటారు కలిసి ఒక లోయలో పశువుల కాపరి రోజును చిత్రించిన రికార్డు వచ్చింది. మా ఇంట్లో అది అరిగిపోయేదాకా తిరిగింది. సేదతీరడానికే వినేవాళ్ళం, రాగాలు కూడా చక్కగా వినిపించేవి. కాబట్టి విశ్రాంతికీ రాగానికీ వైరం ఉన్నదన్నట్లుగా వాదించడం నాకు సమ్మతం కాదు.

శబ్ద ముద్రణ పని చేసేవాడు, యూసుఫ్‌గూడ

ఇలాంటి సంగీతం ముద్రించడం నా జీవనోపాధి కనుక లోపలి సంగతి చెబుతాను. టీచరు గారు చెప్పిన ఒరిపిడి నిజమే. నిజానికి స్వరం కదలకపోయినా కొంత ఒరిపిడి ఉంటుంది. కీబోర్డులో స్థాయిని, అంటే షడ్జం నుంచి పై షడ్జం దాకా ఉన్న దూరాన్ని, పన్నెండు సమాన భాగాలు చేస్తారు, ఒక్కొక్కటి 100 సెంట్లు (స్వరాల మధ్య దూరాన్ని కొలిచే ప్రమాణం). అందులో అంతర గాంధారం (గాంధారాల్లో పై రకం) 400 సెంట్ల దగ్గర ఉంటుంది. తంబూరా శ్రుతిలో లీనమయ్యే సహజమైన అంతర గాంధారం సుమారు 386 దగ్గర ఉంటుంది. పంచమంలో తేడా రెండు సెంట్లే కనుక ఎవరికీ తెలియదు. గాంధారంలో పద్నాలుగు సెంట్ల తేడాను మంచి వేణువు విద్వాంసుడు వెంటనే పసిగడతాడు. హెడ్‌ఫోన్లు తీసి, "మీ పియానో కాస్త ఎక్కువగా ఉంది" అంటాడు. నేను పియానోను మార్చను, ఆయనే ఊదే కోణం మార్చి సర్దుకుంటాడు. ఇది ప్రతిసారీ జరిగేదే.

అయితే ఈ కోవ సంగీతం పుట్టుకలోనే కార్డ్‌లు ఉన్నాయనుకోవడం పొరపాటు. 1964లో అమెరికా జాజ్ క్లారినెట్ విద్వాంసుడు టోనీ స్కాట్, జపాన్ వారైన షినిచి యుయిజే కోటో (జపాను తీగ వాద్యం) తోనూ, హోజాన్ యమమొతో షకుహచి (జపాను వెదురు వేణువు) తోనూ కలిసి జెన్ ధ్యానం కోసం ఒక రికార్డు చేశారు. ధ్యానానికీ విశ్రాంతికీ చేసే సంగీతానికి పెట్టిన న్యూ ఏజ్ అనే మాట వ్యాపారంలోకి రాకముందే వచ్చిన తొలి న్యూ ఏజ్ రికార్డుగా చాలామంది దానినే లెక్కిస్తారు. అందులో పియానో లేదు. వెదురు వేణువు ఊపిరి, దాని పక్కన క్లారినెట్, కోటో, నడుమ చాలా నిశ్శబ్దం మాత్రమే ఉంటాయి. గ్రామీ పురస్కారాల్లో 1987లో న్యూ ఏజ్‌కు ప్రత్యేక విభాగం ఏర్పడేసరికి ఈ సంగీతానికి పెద్ద అంగడి ఏర్పడింది. ఈనాడు నా దగ్గరికి వచ్చేవారు ముందుగా అడిగేది, "వినేవారి ధ్యాస దేని మీదా నిలవకూడదు" అని. గమకం ధ్యాసను లాగుతుంది కనుక దాన్ని తీసివేయమంటారు. తీసివేయడం నాకు ఇష్టమై చేసే పని కాదని మాత్రం ఇక్కడ చెప్పుకోవాలి.

వీణ బోధకురాలు, మల్కాజిగిరి

గచ్చిబౌలి సోదరుడికి ముందుగా. మీ అమ్మగారికి నిద్ర పట్టించిన సంగీతాన్ని నేను తప్పు పట్టను, పట్టలేను. మా నాన్నగారి చివరి రోజుల్లో నేను మంచం పక్కన తంబూరా ఒక్కటే మీటుతూ కూర్చున్నాను. దానికి రాగం లేదు, పేరూ లేదు. మీరు అడిగిన నష్టం మీ అమ్మగారికి జరగలేదు. నా శిష్యురాలికి జరిగింది. రోజూ ఉదయం ఒక దానిని తోడి అని విని, సాయంత్రం వేలు కోసుకుని మరొక దానిని తోడి అని నేర్చుకునే పిల్లకు, రెండవది అనవసరపు శ్రమగా కనిపించడం మొదలైంది.

చిక్కడపల్లి పెద్దాయన గారూ, నోటు స్వరాల విషయం మీరు లేవనెత్తడం నాకు మేలే చేసింది. దీక్షితులవారు వాటిని శంకరాభరణ రాగాలాపనకు ప్రమాణంగా ఇవ్వలేదు. ఆ రాగపు నిండు స్వరూపాన్ని చూపదలచినప్పుడు ఆయన 'అక్షయలింగ విభో' రచించారు. రెంటినీ పక్కపక్కన పాడిస్తే తేడా పిల్లలకే తెలుస్తుంది, నేను పాడించి చూశాను. ఇక సంతూర్‌లో శర్మ గారు పుల్లను తీగల మీద మృదువుగా జార్చే పద్ధతిని ఏళ్ళ తరబడి సాధించారు. కాబ్రా గారు గిటారును ఒడిలో పరుండబెట్టి, తీగల మీద కడ్డీ జార్చి మీండ్ (హిందుస్తానీలో జారు) పలికించారు. 1970లలో తూర్పు–పడమర సంగీతాలను కలిపిన శక్తి బృందంలో ఇంగ్లండు గిటారు విద్వాంసుడు జాన్ మెక్లాగ్లిన్ తన గిటారు మెట్ల మధ్య చెక్కను గుంతలుగా చెక్కించుకుని, శ్రుతి కోసం అదనపు తీగలు బిగించుకున్నారు. మన పాలకొల్లు శ్రీనివాస్ మాండలిన్ జంట తీగలను వదిలి ఐదు ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ మాండలిన్ వాయించారు. వీరందరూ పడమటి వాద్యాన్నో, జారు లేదన్న వాద్యాన్నో తీసుకుని, రాగం కోసం దానినో తమ చేతినో మార్చుకున్నారు. హాలులో వినిపించేది దీనికి తలకిందులు: వాద్యం మారకుండా ఉండడం కోసం రాగాన్ని మార్చారు. విశ్రాంతికీ రాగానికీ వైరం లేదన్న మీ మాటతో నేను ఏకీభవిస్తాను. నీలాంబరిని జోలపాటల రాగమని మనవాళ్ళు ఊరికే అనలేదు.

యూసుఫ్‌గూడ వారు చెప్పిన 1964 నాటి రికార్డు సంగతి నాకు కొత్త, వినాలని ఉంది. కార్డ్ లేకుండా తూర్పు, పడమర ఒక గదిలో కూర్చోగలిగాయంటే, ఇక్కడా కూర్చోగలవు. మిమ్మల్ని ఒక కోరిక కోరుతున్నాను. వచ్చే ఆదివారం ఉదయం మా హాలుకు మీ కీబోర్డుతో రండి. షడ్జ పంచమాలను మాత్రమే, కార్డ్ కట్టకుండా, మీకు నచ్చిన ఎంత మెత్తని నాదంలోనైనా పట్టి ఉంచండి. నేను దాని మీద తోడి వాయిస్తాను. యోగా చేసేవారికి చెప్పకుండా వేద్దాం, ధ్యాస చెదిరిందని ఎవరైనా అంటే హాలులో పాతదే కొనసాగనిద్దాం, పేరు మాత్రం తీసివేయమని సంఘాన్ని అడుగుతాను. నా శిష్యురాలిని కూడా ఐదున్నరకు రమ్మన్నాను.