యశ్‌పాల్ గారిని నేటి పిల్లలకు ఎలా పరిచయం చేయాలి?

ప్రశ్న (ఉన్నత పాఠశాల భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని):
అందరికీ నమస్కారం. తొంభైల్లో దూరదర్శన్‌లో వచ్చిన ‘టర్నింగ్ పాయింట్’ అనే విజ్ఞాన కార్యక్రమంలో ప్రేక్షకుల ప్రశ్నలకు భౌతికశాస్త్రవేత్త ఆచార్య యశ్‌పాల్ గారు ఇచ్చిన జవాబులే నన్ను భౌతికశాస్త్రం వైపు నడిపించాయి. ఫిబ్రవరి 28న, జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు, ఆయన గురించి తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పాలనుకుంటున్నాను. 1926లో జననం, 2017లో మరణం, విజ్ఞాన ప్రచారానికి యునెస్కో ఇచ్చే కళింగ బహుమతి, పద్మవిభూషణ్ అంటూ చదువుకుంటూ పోతే వాళ్ల మనసుకు ఏమీ అందదు. ఆయనను ఒక్కసారైనా చూడని పిల్లలకు ఏ విషయంతో మొదలుపెడితే బాగుంటుందో దయచేసి చెప్పగలరా?

సమాధానం 1 (విశ్రాంత ఉద్యోగి):
అమ్మా, మీరు ఆ కార్యక్రమం కన్నా పదిహేనేళ్లు వెనక్కి వెళ్లి ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ బోధన ప్రయోగంతో మొదలుపెట్టండి. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు, అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ ప్రసారాలు నేరుగా అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మన పల్లెలకు కార్యక్రమాలు తెలుగులోనే వచ్చేవి. కోళ్ల ఫారాలకు కట్టే ఇనుప వలతో చేసిన పది అడుగుల గొడుగు యాంటెన్నా, దాని కింద ఊరందరికీ కలిపి ఒకే టీవీ. పగలు బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం. దీనిని నడిపించిన అహ్మదాబాద్ అంతరిక్ష అనువర్తనాల కేంద్రానికి మొదటి సంచాలకులు యశ్‌పాల్ గారే. నగరాల్లో కూడా టీవీ అరుదైన ఆ రోజుల్లో, అంతరిక్ష విజ్ఞానం ముందు పల్లెకే చేరాలని పట్టుబట్టిన తరం అది. తెరమీద కనిపించే ముందే ఆయన ఆ తెరను పల్లెకు చేర్చారన్న సంగతి పిల్లలకు తప్పక తెలియాలి.

సమాధానం 2 (భౌతికశాస్త్ర పరిశోధకుడు):
పెద్దవారి సలహా విలువైనదే, కానీ ఆయనను పరిశోధకుడిగా ముందు చూపించమని నా మనవి. టాటా మౌలిక పరిశోధనా సంస్థలో చేరి, మధ్యలో అమెరికాలోని ఎం.ఐ.టి. నుంచి 1958లో డాక్టరేటు పొంది, ఏళ్ల తరబడి కాస్మిక్ కిరణాలపై, అంటే అంతరిక్షం నుంచి వచ్చే అతివేగ కణాలపై, పనిచేసిన మనిషి ఆయన. ప్రత్యేకమైన ఫొటోగ్రాఫిక్ పలకలను బెలూన్లతో ఆకాశంలోకి పంపి, వాటిపై కణాలు గీసిన జాడలను సూక్ష్మదర్శినితో ఒక్కొక్కటిగా వెతకడం ఆ రంగంలో పరిపాటి. అలా కంటికి కనబడని దానిని దాని జాడను బట్టి తెలుసుకోవడం అలవాటైనందువల్లే, నిర్వచనంతో కాకుండా అడిగినవారు రోజూ చూసే విషయంతో జవాబు మొదలుపెట్టడం ఆయనకు అబ్బిందని నా అభిప్రాయం. తరగతిలో పిల్లలను అరచేయి చాపమనండి. కాస్మిక్ కిరణాల వల్ల పుట్టిన మ్యూయాన్లనే సూక్ష్మ కణాలు దాదాపు సెకనుకు ఒకటి చొప్పున ఆ చేతిగుండా దూసుకుపోతుంటాయని చెప్పండి. ఆ తర్వాత ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. టాటా సంస్థ వారి బెలూన్ కేంద్రం మన హైదరాబాదులోనే ఉందని కూడా చెప్పవచ్చు.

సమాధానం 3 (ఒక తల్లి):
1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన తెలుగు నేల మీదుగానే సాగినా, భయంతో జనం తలుపులు బిగించుకున్నారు. వారిని ఇళ్లలోనే ఉంచడానికి దూరదర్శన్ సినిమా వేసింది. 1995 అక్టోబరు 24న అదే దూరదర్శన్ గ్రహణాన్ని ప్రత్యక్షంగా చూపింది, యశ్‌పాల్ గారు దానిని వివరించారు. ఈ రెండు తేదీలను పక్కపక్కన రాసి చూపండి. ఆయన అధ్యక్షతన 1993లో వెలువడిన పాఠశాల విద్యా నివేదికలో, సంచి బరువు కన్నా అర్థంకాని చదువు బరువే హానికరమన్న మాట ఉంది. మా పిల్లల హోంవర్కు చూసినప్పుడల్లా ఆ మాటే నా మనసులో మెదులుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. అరచేతి మ్యూయాన్లతో మొదలుపెట్టి, పిల్లలు అడిగే ప్రశ్నలన్నిటినీ బోర్డు మీద రాయించి, ఆ తర్వాతే ఆయన పేరు చెబుతాను. సైట్ గురించి రాసిన పెద్దవారికి ఒక విన్నపం: ఆ వల యాంటెన్నాను ఎలా నిలబెట్టేవారో, టీవీ ముందు ఊరివాళ్లు ఏమేమి మాట్లాడుకునేవారో కాస్త వివరంగా రాయగలిగితే, మీ మాటల్లోనే తరగతిలో చదివి వినిపిస్తాను.