షెడ్లలోని పిల్లల కోసం ట్రస్టు పెట్టాలా, ఉన్న సంస్థలతో కలిసి పనిచేయాలా? (బెంగళూరు)

ప్రశ్న (వర్తూరు నివాసి):

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ ప్రహరీ వెనుక ఖాళీ స్థలంలో రేకుల షెడ్లు వేసుకుని దాదాపు నలభై కుటుంబాలు ఉంటున్నాయి. చాలామంది కదిరి, పుట్టపర్తి వైపు నుంచి మేస్త్రీ వెంట వచ్చినవారే కనుక మాటకు ఇబ్బంది లేదు. ఈ ఏడాది మొదటి నుంచి మేము నలుగురం ఆదివారాలు అక్కడి పిల్లలకు లెక్కలు, ఇంగ్లీషు చెబుతున్నాము. మొదట్లో ఇరవై మంది వచ్చేవారు. జూన్ చివర శనక్కాయ విత్తే పని మొదలవగానే సగం మంది పెద్దవాళ్ళతో పాటు ఊళ్ళకు వెళ్ళిపోయారు.

ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసిన పదిహేనేళ్ళ అబ్బాయి ఒకడు నీళ్ళ క్యాన్లు వేసే దుకాణంలో పనిచేస్తున్నాడు. సాయంత్రాలు వాడి దగ్గర పంక్చర్ సొల్యూషన్ వాసన వస్తోందని, చేతిలో ఎప్పుడూ తడిసిన గుడ్డ ఉంటోందని మాలో ఇద్దరు గమనించారు. మత్తు కోసం దాన్ని పీలుస్తున్నాడేమోనని మా అనుమానం. నెలనెలా చందా ఇస్తామని మా అపార్ట్‌మెంట్‌వారు అంటున్నారు. ట్రస్టు నమోదు చేసి ట్యూషన్ కేంద్రం పెట్టాలని మా ఆలోచన. అది సరైన దారేనా? ఆ అబ్బాయి విషయంలో ముందు ఎవరిని కలవాలి?

జవాబు 1 (స్వచ్ఛంద సంస్థలో క్షేత్ర కార్యకర్తగా పనిచేసినవారు):

ట్రస్టు ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టమనే నా సలహా. ట్రస్టుకు బదులు సొసైటీగా నమోదు కావాలన్నా 1960 నాటి కర్ణాటక చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. ఆ తరువాత ఏటా లెక్కల తనిఖీ, సమావేశాలు, ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్లు చూసుకోవడానికే మీ ఆదివారాలు సరిపోతాయి. ఆ కుటుంబాలకు అంతకంటే ముందు కావలసింది కార్యాలయానికి తోడు వచ్చే మనిషి.

ఉదాహరణకు రేషన్ సంగతి చూడండి. ఆంధ్ర కార్డు మీద బెంగళూరులోని ఏ చౌకధరల దుకాణంలోనైనా మనిషికి నెలకు 5 కిలోల చొప్పున తిండిగింజలు తీసుకోవచ్చు. 2023 జనవరి నుంచి ఇవి పూర్తిగా ఉచితం. ఊళ్ళో ఉన్న ముసలివాళ్ళ వాటాను అక్కడే వదిలి, మిగిలినది ఇక్కడ తీసుకునే వీలు కూడా ఉంది. అయితే ఆ కార్డు కేంద్ర ఆహార భద్రతా చట్టం కిందకు రావాలి. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డులకు ఈ వెసులుబాటు లేదు. రేషన్ హెల్ప్‌లైన్ 14445కు ఫోన్ చేసి ముందే వివరాలు అడగండి. చిక్కు ఎక్కువగా వేలిముద్ర దగ్గరే వస్తుంది. ఏళ్ళ తరబడి సిమెంటు కలిపిన చేతుల గీతలు అరిగిపోయి ఉంటాయి. ఓటీపీ చూద్దామంటే ఆధార్‌కు జతచేసిన నంబరు రీఛార్జి లేక ఎప్పుడో పోయి ఉంటుంది. నేను ఒక తాపీపని ఆయన వెంట మూడుసార్లు దుకాణానికి వెళ్ళాను. చివరికి అదే కార్డులో పేరున్న ఆయన కూతురు వేలు పెడితే బియ్యం వచ్చాయి. ఆ ఇంట్లో కాగితాలన్నీ హార్లిక్స్ సీసాలో, వానకు తడవకుండా, చుట్టచుట్టి పెట్టి ఉండేవి.

లేబర్ కార్డు సంగతీ ఇంతే. 18 నుంచి 60 ఏళ్ళ లోపువారు, గత పన్నెండు నెలల్లో 90 రోజులు నిర్మాణపు పని చేసి ఉంటే, కార్మిక సంక్షేమ మండలిలో నమోదు కావచ్చు. పిల్లల చదువుకు సాయం కూడా అక్కడి నుంచే అందుతుంది. పని చేసినట్టు కాగితం మీద సంతకం పెట్టడానికి మేస్త్రీ వెనకాడతాడు. మీరు పక్కన ఉంటే పెడతాడు. ఇవన్నీ పని మానుకుని తిరగవలసిన పనులు కనుక మీరు పోగుచేసే చందాలో కొంత ఆ రోజు కూలి కింద ఇవ్వండి.

జవాబు 2 (ప్రభుత్వ పాఠశాల విశ్రాంత ఉపాధ్యాయిని):

పై మాటతో ఏకీభవిస్తూనే, ట్యూషన్‌ను అంత తేలిగ్గా తీసివేయవద్దని మనవి. పిల్లలు మీ దగ్గరకు రావడం వల్లే కదా ఆ అబ్బాయి సంగతి మీకు తెలిసింది!

6 నుంచి 14 ఏళ్ళ పిల్లల విషయంలో, టీసీ రాలేదనో, వయసు ధ్రువపత్రం లేదనో, విద్యా సంవత్సరం మధ్యలో వచ్చారనో ఏ బడీ చేర్చుకోననకూడదని 2009 విద్యాహక్కు చట్టం స్పష్టంగా చెబుతోంది. ఇన్నేళ్ళ తరువాత కూడా ఒక బడిలో టీసీ కోసం ఒక తల్లిని మూడు వారాలు తిప్పడం కళ్ళారా చూశాను. చట్టంలోని ఆ భాగాన్ని అచ్చు వేయించి చేతిలో పెట్టుకుని వెళ్ళండి.

పదిహేనేళ్ళ అబ్బాయికి మాత్రం రోజూ బడికి వెళ్ళకుండా చదివే వీలున్న జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) ద్వారా పదో తరగతి నయమని నా అభిప్రాయం. 14 ఏళ్ళు నిండితే చాలు, తెలుగు మాధ్యమంలో రాయవచ్చు. నమోదు ఐదేళ్ళు చెల్లుతుంది, తొమ్మిది అవకాశాలు ఉంటాయి, ఒక్కొక్క సబ్జెక్టుగా పూర్తి చేసుకోవచ్చు. ఊరికీ నగరానికీ మధ్య తిరిగే పిల్లలకు ఇది అనువైన పద్ధతి.

జవాబు 3 (మడివాళ నివాసి):

సొల్యూషన్ విషయాన్ని బడితో ముడిపెట్టకుండా ముందు చూడాలి. దయచేసి ఆ అబ్బాయిని నలుగురిలో నిలదీయవద్దు, యజమానికి చెప్పవద్దు. పని పోతే వాడు షెడ్డు కూడా వదిలి మెజెస్టిక్ బస్టాండు వైపు వెళ్ళిపోవచ్చు. తల్లితో మాట్లాడి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు (14416) ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. ఇక్కడి మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్సకు ప్రత్యేక కేంద్రం ఉంది. ప్రమాదం ముంచుకొచ్చినట్టు కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు చేయండి, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. వీధి పిల్లలతో, పనిచేసే పిల్లలతో 1980 నుంచి పనిచేస్తున్న బాస్కో సంస్థ కార్యకర్తలకు ఇలాంటి సంభాషణ ఎలా మొదలుపెట్టాలో తెలుసు. ఒకసారి వారిని కలవండి. మత్తుకని తెలిసీ వాడికి సొల్యూషన్ అమ్ముతున్న దుకాణం ఉంటే అది వేరే నేరం. బాల న్యాయ చట్టం కింద, పిల్లలకు మత్తు పదార్థం ఇచ్చినవారికి ఏడేళ్ళ వరకు శిక్ష పడవచ్చు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. ట్రస్టు ఆలోచన వాయిదా వేశాము. పోయిన శనివారం ఆరు కుటుంబాలతో రేషన్ దుకాణానికి వెళితే నలుగురికి బియ్యం అందాయి, ఒకరి వేలిముద్ర పడలేదు, ఒకరి కార్డు కేంద్ర జాబితాలో లేదు. ఆరుగురికీ ఆ రోజు కూలి చందాలోంచి ఇచ్చాము. అబ్బాయి తల్లి మాత్రం ఆసుపత్రి మాట ఎత్తగానే భయపడింది. ఈ బుధవారం టెలీ మానస్‌తో ఆమె చేతనే మాట్లాడించాలనుకుంటున్నాము. టీచరుగారూ, సార్వత్రిక విద్య దరఖాస్తుకు ఎనిమిదో తరగతి పాసైన సర్టిఫికెట్ తప్పనిసరా?

జవాబు 2:

అక్కరలేదండీ. చదువు కొనసాగించగలనని స్వీయ ధ్రువీకరణ ఇస్తే సరిపోతుంది. పుట్టిన తేదీ ఆధారం మాత్రం సిద్ధంగా ఉంచుకోండి.