షుగర్ ఉన్న నాన్నగారికి జామకాయ పెట్టొచ్చా?

గోదారిగట్టు:
నాన్నగారికి షుగర్ అని తేలాక ఇంట్లో పళ్ళన్నీ బంద్. మామిడి వద్దు, సపోటా వద్దు, సీతాఫలం ఊసే ఎత్తొద్దు. పెరట్లో జామచెట్టు మాత్రం విరగకాసింది. ఆయన చెట్టుకింద కుర్చీ వేసుకుని కూర్చుంటారు, మేం కాపలా. అమ్మకి ఇంకో భయం, గింజలు అపెండిక్స్‌లో ఇరుక్కుంటాయట. ఇళ్ళల్లో షుగర్ ఉన్నవాళ్ళు తింటున్నారా? జామాకు కషాయం సంగతి కూడా చెప్పండి.

పెరటితోట:
మా అత్తగారు తింటారండీ. దోరకాయ ఒకటి, సాయంత్రం నాలుగింటికి, ఉత్తగా. అన్నం తిన్న వెంటనే మాత్రం తినరు. మొదట్లో తిన్న రెండు గంటలకి మిషన్‌తో చూసుకునేవారు, పెద్దగా పెరగలేదని ధైర్యం వచ్చింది. మెత్తగా ముగ్గిన పండు మాత్రం పిల్లలకే. మీ నాన్నగారికీ అలాగే చూసి చెప్పండి, అందరి ఒళ్ళూ ఒకేలా ఉండదు.

తార్నాక తాత:
వంద గ్రాముల జామలో చక్కెరలు 9 గ్రాముల దాకా, పీచు 5 గ్రాములకు పైనే. అరటిపండులో చక్కెరలు 12, పీచు రెండున్నర. పీచు ఎక్కువ కాబట్టి చక్కెర రక్తంలోకి మెల్లగా దిగుతుంది, జామ సంగతంతా అక్కడే ఉంది. అందుకే రసం తీసి వడకట్టి తాగితే లాభం లేదు. డబ్బాల్లో దొరికే జామ రసాల్లో చాలావాటికి పైనుంచి చక్కెర కలుపుతారు, వెనక రాసింది చదవండి.

ఇక విటమిన్ సి. వంద గ్రాములకు రెండొందల మిల్లీగ్రాములు దాటుతుంది. కమలాపండులో 50 చిల్లర. మా పక్కనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్ద మగవాళ్ళకు రోజుకు 80 చాలన్నది. అంటే సగం కాయ. తోలు తీయకండి, సి అక్కడే ఎక్కువ. పొద్దున ముక్కలు కోసి పెట్టి సాయంత్రం తినే అలవాటుంటే మానుకోండి, గాలి తగిలితే అది తగ్గిపోతది.

లక్ష్మిగారిల్లు:
మా అమ్మాయికి రక్తం తక్కువ. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాస్తూ, తోటకూర పప్పుతో అన్నం తిన్నాక జామ ముక్కలు తినమంది. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఐరన్ ఒంటికి పట్టాలంటే సి తోడుండాలట. అన్నం కాగానే టీ తాగితే మటుకు ఐరన్ సరిగ్గా పట్టదు, ఆ టీ మాన్పించడమే మాకు యజ్ఞమైపోయింది. ఇప్పుడు హిమోగ్లోబిన్ బాగుంది. మాత్రలూ వేసుకుంది కదా, గొప్పంతా జామదే అనను.

కడప కారం:
గింజల భయం అందరి ఇళ్ళల్లోనూ ఉండేదే. మామూలుగా అవి అరక్కుండానే బయటికి పోతాయి. మా అవ్వకి ఇబ్బంది కట్టుడు పళ్ళతోనే, గింజ కింద ఇరుక్కుంటే ప్రాణం పోతుంది అంటుంది. పూర్తి పచ్చికాయలు వరసగా తింటే వగరుకి మలబద్ధకం వస్తుంది, పండినవైతే సాఫీగా అవుతుంది. నీళ్ళు బాగా తాగాలి. బండి మీద కాయకి ఉప్పూ కారం దట్టిస్తారే, బీపీ కూడా ఉంటే ఆ ఉప్పు వద్దని చెప్పండి. (కారం నేను వద్దనలేను.)

న్యూజెర్సీ నాని:
గోదారిగట్టు గారూ, ఒక్కమాట. నాన్నగారి కిడ్నీలు ఎలా ఉన్నాయి? మా మామయ్యకి షుగర్‌తోపాటు కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయి. జామలో పొటాషియం వంద గ్రాములకు 400 మిల్లీగ్రాములు దాటుతుంది, అరటిపండు కంటే ఎక్కువ. ఆయనకి డాక్టరు జామ, కొబ్బరినీళ్ళు రెండూ ఆపేశారు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పేది), పొటాషియం చూపించుకోకుండా రోజూ మొదలుపెట్టకండి.

పెరటితోట:
ఇది చాలా ముఖ్యమైన మాట. నాకు తట్టలేదు.

తార్నాక తాత:
కషాయం గురించి ఎవరూ చెప్పలే. విరేచనాలకి జామాకు కషాయం మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్నదే, చిగుళ్ళ నొప్పికి పుక్కిలిస్తారు కూడా. జపాన్‌లో జామాకు టీని భోజనంతో తాగడానికి అమ్ముతారు, పిండిపదార్థాలు చక్కెరగా మారే వేగాన్ని కొంత తగ్గిస్తుందని. కానీ షుగర్ మందుల మీద ఇదీ తోడైతే లెవెల్ మరీ పడిపోయే ప్రమాదం ఉంది. మందు బదులు కషాయం అసలే వద్దు. ముందు కాయ తిననీయండి, ఆకుల జోలికి తర్వాత పోదాం.

చెరువుకింద రైతు:
తోటలోంచి రెండు మాటలు. వానాకాలం కాపు చప్పగా ఉంటది, పండుఈగ కొట్టి లోపల పురుగు పడతది. చలికాలం కాయే కాయ. పైన నిగనిగలాడుతున్నా కోసి చూసుకుని తినండి. ఇప్పుడందరూ ఎర్రగుజ్జు కాయ అడుగుతున్నరు. ఆ ఎరుపు లైకోపీన్‌ది, టమాటల ఉండేదే. తెల్లగుజ్జులో అది ఉండదు గాని, సి విటమిన్, పీచు రెండింట్లోనూ దండిగనే ఉంటయి. తెల్లదుందని చెట్టు కొట్టెయ్యకండి.

గోదారిగట్టు:
అందరికీ థాంక్సండీ. పాత రిపోర్టులో క్రియాటినిన్ మామూలుగానే ఉంది, అయినా ఈ ఆదివారం మళ్ళీ చేయించి డాక్టరుగారిని అడుగుతాం. సరే అంటే సాయంత్రాలు ఒక దోరకాయ, ఉప్పు లేకుండా. అమ్మకి గింజల సంగతి చదివి వినిపించాను. ఒప్పుకోలేదు.

లక్ష్మిగారిల్లు:
అయితే అమ్మగారికి పచ్చడి చెయ్యండి. దోరకాయల్ని నాలుగు చెక్కలు చేసి మధ్యలో గింజలు తీసేసి, నూనెలో కాస్త మగ్గించి, వేయించిన పచ్చిమిర్చి, జీలకర్ర, చింతపండుతో కచ్చాపచ్చాగా నూరి ఇంగువ పోపు పెట్టండి. సి కొంత పోతుంది, పోనివ్వండి.