ఇంగ్లిష్ కాకర్‌కి కోట్ కింగ్ (కుక్క బొచ్చు పలచన చేసే వంపు బ్లేడ్ల పనిముట్టు) ఇంట్లో వాడొచ్చా? అది బొచ్చు పీకుతుందా, కోస్తుందా?

నల్లచెవులు:
మా కుక్క ఇంగ్లిష్ కాకర్, నలుపు, ఆడది, మూడేళ్లు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి ఎనిమిది నెలలైంది. వీపు మీద నిగనిగలాడే బొచ్చు పోయి దూదిలా ఉబ్బింది, కొనలు ఎర్రబారాయి. 20 బ్లేడ్ల కోట్ కింగ్ కొన్నాను. అమ్మినవాళ్లు చచ్చిన బొచ్చు మాత్రమే ఊడి వస్తుందన్నారు. ఇక్కడి పార్లర్‌లో మాత్రం ఎండాకాలం కదా, మెషిన్‌తో జీరో కొట్టించేయమంటున్నారు. దానికి నొప్పి లేకుండా ఎలా వాడాలో తెలిసినవాళ్లు చెప్పండి. ఉండేది రాజమండ్రి.

దువ్వెన:
వాడొచ్చండి. కాకర్‌కి 20 సరైన సైజే. బ్లేడ్లు తగ్గేకొద్దీ పట్టు మోటు, పెరిగేకొద్దీ సన్నం.

ముందు స్లికర్ బ్రష్ (సన్నటి తీగల బ్రష్), తర్వాత స్టీలు దువ్వెన. దువ్వెన చర్మం దాకా దిగి ఆగకుండా బయటికి రావాలి. ఎక్కడ ఆగితే అక్కడ చిక్కు ఉన్నట్టే, అక్కడ కోట్ కింగ్ పెట్టొద్దు. చిక్కులో బ్లేడు ఇరుక్కుంటే చర్మం దాంతోపాటే లేస్తుంది, కోత అక్కడే పడుతుంది.

టేబుల్ మీద జారని రబ్బరు మ్యాట్ వేయండి. ఎడమచేత్తో చర్మాన్ని తల వైపుకి లాగి బిగువుగా పట్టుకోండి. పిడి వీపుకి సమాంతరంగా ఉండాలి. మెడ వెనక నుంచి తోక వైపుకి, బొచ్చు వాలు వెంటే, మూడు నాలుగు అంగుళాల చొప్పున లాగండి. నొక్కొద్దు, దాని బరువు చాలు. చివర మణికట్టు తిప్పి పైకి ఎత్తొద్దు. ఒకచోట ఐదారు సార్లు లాగాక బొచ్చు విడదీసి చర్మం చూడండి. గులాబీ రంగు తేలితే ఆరోజుకి ఆపేయండి. మొత్తం పది నిమిషాలు, నాలుగు వారాలకోసారి.

వీపు, పక్కటెముకల పై సగం, తొడ బయటివైపు. అంతే. చెవులు, చంకలు, పొట్ట, గజ్జలు, మోచేతులు, పులిపిర్లు, ఛాతీ కుచ్చు, కాళ్ల కుచ్చుల జోలికి పోవద్దు.

గోదారిగట్టు:
దువ్వెన గారూ, చెప్పిన పద్ధతి బాగుంది, అసలు ప్రశ్న దాటేశారు. ఆవిడ అడిగింది పీకుతుందా కోస్తుందా అని. కోస్తుంది. ఆ వంపు బ్లేడ్ల లోపలి అంచుకి రంపపు పళ్లుంటాయి, అవి పదునైనవి. దీనికి బదులు చేసే స్ట్రిప్పింగ్ అంటే వేళ్లతో పీకడం. ఎదుగుదల ఆగిన వెంట్రుక కుదుట్లో వదులుగా ఉంటుంది, నొప్పి లేకుండా వస్తుంది, దాని స్థానంలో కొత్తది నిగనిగలాడుతూ మొలుస్తుంది. కోస్తే చచ్చిన సగం లోపలే ఉండిపోతుంది. ఆ మొండి వెంట్రుకే మెరుపు లేకుండా పైకి కనిపిస్తుంది.

బ్రౌనీ_డాడీ:
మేలో 44 డిగ్రీలండీ ఇక్కడ. మెషిన్ కొట్టించేయండి. పిడుదులు కూడా కనిపిస్తాయి.

దువ్వెన:
గోదారిగట్టు గారూ, కొంత కోస్తుంది, కొంత లాగుతుంది. నేను కాదనలేదు. కోసేది ఎక్కువగా లోపలి దూదినే, అంటే పై వెంట్రుకల కింద ఉండే మెత్తటి బొచ్చునే. ఆపరేషన్ అయిన ఆడకుక్కకి సమస్యే ఆ దూది.

గోదారిగట్టు:
"ఎక్కువగా" అనే మాట వద్దు. తెల్ల కాగితం మీద రాలిన బొచ్చు పరిచి చూడమనండి. పీకిన వెంట్రుక ఒక కొస సన్నగా, రెండో కొసన చిన్న తెల్లటి గడ్డలా ఉంటుంది. కోసినదానికి ఒక కొస మొద్దుగా తెగి ఉంటుంది. పదిలో నాలుగు మొద్దుగా ఉన్నా అది కోసే పనిముట్టే.

దువ్వెన:
పరీక్ష మంచిదే. కానీ నాలుగు తెగితే ఏమైంది? ఇది ప్రదర్శనకి వెళ్లే కుక్క కాదు.

చిట్టి_పప్పీ:
స్నానం ముందా, తర్వాతా?

గోదారిగట్టు:
ముందు చేయించకండి. కడిగిన బొచ్చు వేళ్లలోంచి జారిపోతుంది. సుద్దపొడి చల్లి, బ్యాంకులో నోట్లు లెక్కపెట్టే రబ్బరు తొడుగు వేలికి వేసుకోండి. ఐదు నుంచి పది వెంట్రుకలు, కొసల దగ్గర పట్టి, వాలు వెంట చిన్న కుదుపు. పిడికెడు పట్టొద్దు. పీకాక రెండు రోజులు షాంపూ వద్దు, కుదుళ్లు తెరుచుకుని ఉంటాయి, మండుతుంది.

దువ్వెన:
కోట్ కింగ్‌కి ఇది తిరగేసి. కడిగి, పూర్తిగా ఆరాకే వాడాలి. దుమ్ము బ్లేడు పదును తినేస్తుంది, తడి బొచ్చు సాగి తెగుతుంది.

గోదారిగట్టు:
నేను అడుగడుగునా వేళ్ల గురించి చెబుతున్నాను, మీరు ప్రతిసారీ ఆ పనిముట్టు దగ్గరికే తెస్తున్నారు.

దువ్వెన:
ఆవిడ కొన్నది అదే కాబట్టి. వేళ్లతో మొత్తం వీపు చేయాలంటే గంటలు పడుతుంది. ఆపరేషన్ తర్వాత వచ్చే దూది వేళ్లకి చిక్కదు, పట్టు దొరికేది పై వెంట్రుకలకే. ఈ రెండోది మీరు చెప్పడం లేదు.

బ్రౌనీ_డాడీ:
ఇంత తంటా ఎందుకండీ, ఒక్క జీరోతో తేలిపోయేదానికి.

గోదారిగట్టు:
బ్రౌనీ_డాడీ గారూ, కుక్క చల్లబడేది ముఖ్యంగా వగర్చి. చర్మం దాకా గీస్తే ఎండ నేరుగా తగిలి కమిలిపోతుంది. పైగా మెషిన్ చచ్చిన వెంట్రుకని కుదుట్లోంచి తీయదు. అమెరికన్ కాకర్‌కి మెషిన్ మామూలే, దాని కోటు (బొచ్చు తీరు) వేరు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఆ రెండింటినీ 1946లోనే వేరు జాతులుగా గుర్తించింది. పార్లర్లలో ఇప్పటికీ రెండింటికీ ఒకే మెషిన్.

దువ్వెన:
ఇక్కడ నేను గోదారిగట్టు గారి పక్షమే, ఒక్క సవరణతో. పొట్ట మీద మెషిన్‌కి 10 నంబరు బ్లేడు పెట్టి గీయిస్తే చల్లటి గచ్చు మీద పడుకున్నప్పుడు హాయి. చెవి లోపలివైపు, కింద కూడా పలచగా తీయాలి, గాలి ఆడక కాకర్లకి చెవి చీము పడుతుంది. బ్లేడు వేడెక్కుతుంది. రెండు మూడు నిమిషాలకోసారి మీ మణికట్టుకి ఆనించి చూడండి, మీకు చురుక్కుమంటే దానికీ అంతే.

గోదారిగట్టు:
సరే. ఇప్పుడు సూటిగా అడుగుతాను. పనిముట్టు ఎన్నడూ పట్టనివాళ్లకి రంపపు బ్లేడు ఇచ్చి "నొక్కొద్దు" అంటే సరిపోతుందా? బొచ్చు వస్తోందని ఇంకో పది సార్లు లాగుతారు. నడుం మీద ఎర్ర చారలు, ఎండిన పొక్కులు, చారచారగా బోడి. అలా పాడైన కోట్లు నేను చాలా చూశాను. అమ్మినవాళ్లు అప్పుడు పలకరు. మీలాంటివాళ్ల ధీమా చూసే జనం కొంటున్నారు.

దువ్వెన:
ఆ మాట తగదు. నేను అమ్మడం లేదు. "మీ వల్ల కాదు" అని చెబితే ఆవిడ వేళ్లతో కూర్చుని పీకుతారనుకుంటున్నారా? రేపు పార్లర్‌కి వెళ్లి జీరో కొట్టిస్తారు. మీకు కోటు దక్కాలి, నాకు కుక్క కుదురుగా నిలబడాలి. పది నిమిషాలు నొప్పి లేకుండా గడిస్తే వచ్చే నెల అదే టేబుల్ ఎక్కుతుంది. తెగిన కొసల మెరుపు నాకు రెండో విషయం.

గోదారిగట్టు:
నాకు మాత్రం చర్మమే మొదటి విషయం. మెరుపు గురించి మాట్లాడానంటే అది చర్మానికి గుర్తు కాబట్టి. బ్లేడు పదును తెలియని చేతిలో చర్మం మీద ఆడటమే నా అభ్యంతరం, కోటు అందం కాదు. మొదటి రోజే అది చెప్పాల్సింది.

దువ్వెన:
అయితే మనం అంత దూరంలో లేము. మొదటి నెల వేళ్లే. రెండో నెల కోట్ కింగ్, భుజాల మధ్య అరచెయ్యంత మేర, పది సార్లు. రెండు రోజులు ఆగి చూడాలి. ఎరుపు, పొక్కులు, అదేపనిగా నాకడం లేకపోతేనే ముందుకు.

గోదారిగట్టు:
దీనికి ఒప్పుకుంటాను. కాగితం పరీక్ష కూడా చేయాలి.

నల్లచెవులు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఈరోజు వేళ్లతో చూశాను. వీపు మీద సులువుగా వచ్చాయి, కొసన తెల్లగడ్డ ఉంది. కానీ నడుం దగ్గర పట్టుకుంటే చాలు, కుచ్చులు కుచ్చులుగా రెండు వైపులా ఒకేలా ఊడుతున్నాయి. అక్కడ జిడ్డుగా పొట్టు, పులిసిన వాసన. కూర్చున్నచోటే కూర్చుంటోంది, ఈమధ్య లావెక్కింది. ఆపరేషన్ వల్లే అనుకుని ముందు రాయలేదు.

గోదారిగట్టు:
ఆపండి. స్టీలు దువ్వెనతో దువ్వినా నడుం దగ్గర మెల్లగానే. రెండు వైపులా ఒకేలా పలచబడటం, బరువు, బద్ధకం కలిస్తే థైరాయిడ్ చూడాలి. అది కోటు సమస్య కాకపోవచ్చు.

దువ్వెన:
అవునండీ. జిడ్డు పొట్టు, వాసన ఉన్నాయంటే ఈస్ట్ (ఒకరకం ఫంగస్) కూడా కావొచ్చు, కాకర్లలో ఎక్కువ. ఆ చర్మం మీద బ్లేడు పెడితే పుండవుతుంది. డాక్టర్‌ని చర్మం పొట్టు మైక్రోస్కోప్ కింద చూడమనండి, రక్తంలో థైరాయిడ్ పరీక్షలు టీ4, టీఎస్‌హెచ్ రెండూ చేయించండి. ఒంట్లో బాగోనప్పుడు టీ4 ఒక్కటే తగ్గి కనిపించవచ్చు, అందుకే రెండూ. వెళ్లే ముందు మందు షాంపూ పోయొద్దు, నమూనా చెడుతుంది.

నల్లచెవులు:
రేపు పొద్దున తీసుకెళ్తున్నాను. అంతవరకు కోట్ కింగ్‌ని ఎలా ఉంచాలి?

దువ్వెన:
పళ్ల మధ్య బొచ్చు పాత టూత్ బ్రష్‌తో తీసి, పొడిగుడ్డతో తుడిచి, ఒక చుక్క కుట్టుమిషన్ నూనె రాసి డబ్బాలో పెట్టండి. రాజమండ్రి గాలికి తుప్పు తొందరగా పడుతుంది.