టోక్యోలో తైబాన్ షో: టికెట్ మీద నంబర్, తలుపు దగ్గర ప్రశ్న, ముందు వరస

ప్రశ్న:
ఇకెబుకురోలో ఒక చిన్న లైవ్ హౌస్‌లో, అంటే సంగీతం హాలులో, అయిదు విజువల్ కేయ్ (కొట్టొచ్చే మేకప్, వేషాలతో ఆడే జపాన్ రాక్) బ్యాండ్ల తైబాన్‌కి, అంటే బ్యాండ్లు ఒకదాని తర్వాత ఒకటి ఆడే షోకి, టికెట్ దొరికింది. దాని మీద బి-24 అని, పక్కన రెండు టైములు ఉన్నాయి. నాకు కావలసింది నాలుగో బ్యాండ్. మొదటి నుంచీ ముందు వరసలో నిలబడొచ్చా? తలుపు దగ్గర ఏదో అడుగుతారట, ఏమిటది?

జవాబు 1:
మొదటి టైము కైజో, అంటే తలుపులు తీసేది. రెండోది కైఎన్, షో మొదలయ్యేది. మామూలుగా ఎ నంబర్లన్నీ లోపలికి వెళ్లాకే బి పిలుస్తారు. మీ నంబర్ పిలిచినప్పుడు అక్కడ లేకపోతే ఆ వరస పోయినట్టే, అందుకే కైజో కన్నా ముందే చేరుకోండి. తలుపు దగ్గర తప్పనిసరిగా కట్టాల్సిన డ్రింక్ డబ్బు టికెట్‌లో కలవదు. చాలాచోట్ల 600 యెన్, చిల్లర చేతిలో ఉంచుకోండి. పెద్ద బ్యాగ్ స్టేషన్ లాకర్‌లోనే పెట్టేయండి, లోపల చోటుండదు.

తలుపు దగ్గర అడిగేది "ఈరోజు ఏ బ్యాండ్ కోసం వచ్చారు?" అని. ఇది ఊరికే అడిగేది కాదు. ఇన్ని టికెట్లు అమ్మాలని బ్యాండ్‌కి కోటా పెట్టే షోలుంటాయి, దాన్ని నోరుమా అంటారు. మీరు చెప్పిన పేరు ఆ బ్యాండ్ లెక్కలో పడుతుంది. అమ్మినవి కోటా కన్నా తగ్గితే ఆ తేడా బ్యాండే కట్టుకోవాలి. కాబట్టి "అందరి కోసం" అనకండి, ఒక్క పేరు చెప్పండి. చిన్న బ్యాండ్లకి ఆ ఒక్క మాటే పెద్ద సాయం.

జవాబు 2:
ముందు వరస సంగతి. తైబాన్‌లో చాలాచోట్ల ఏ బ్యాండ్ ఆడుతుంటే దాని అభిమానులు ముందుకొస్తారు, అయిపోగానే తర్వాతివాళ్లకి చోటిచ్చి వెనక్కి వెళ్తారు. మొదటి మూడు బ్యాండ్లకీ మీరు రెయిలింగ్ పట్టుకుని కదలకుండా నిలబడితే ఎవరికీ నచ్చదు. మూడో బ్యాండ్ అయ్యాక, సామాను మార్చే సమయంలో ముందున్నవాళ్లని మర్యాదగా అడగండి. అయితే చోట్లు పంచుకోవడాన్ని నిషేధించిన హాళ్లూ ఉన్నాయి, అక్కడ స్టాఫ్ మాటే మాట.

స్టేజీకి ఎదురుగా నిలబడితే మీ కుడివైపు కామితే, ఎడమవైపు షిమొతే. ఇద్దరు గిటారిస్టులుంటే సాధారణంగా చెరో పక్క ఉంటారు. మీకిష్టమైనవారు ఎటో ముందే చూసుకోండి.

జవాబు 3:
ఫురి, అంటే పాటకి జనం చేసే కదలికలు, తెలియకపోతే ముందు వరస ఇబ్బందే. పక్కవాళ్లని చూసి అందుకోవచ్చు. సకు అంటే పూయడం: రెండు చేతులూ స్టేజీ వైపు చాచి విప్పుతారు. ఒరితాతామి అంటే నడుము దగ్గర మడిచి లేవడం, తాళం తప్పితే మీ తల వెనకవాళ్ల ముఖానికి తగులుతుంది. హెడ్‌బ్యాంగ్‌లో మెడ ఒక్కటే విసరకండి. కాళ్లు ఎడంగా పెట్టి నడుము నుంచి వంగండి, లేకపోతే మర్నాడు మెడ తిరగదు.

అసలు జాగ్రత్త గ్యాకుదై దగ్గర. స్టేజీ నుంచి జనంలోకి దూకడానికి ఇది తిరగేసిన పద్ధతి: వెనకవాళ్లు ముందువాళ్ల వీపుల మీదకి ఎగబడతారు. బరువంతా రెయిలింగ్ దగ్గరున్నవాళ్ల మీదే పడుతుంది. కళ్లజోడు, చెవి రింగులు తీసేయండి, హీల్స్ అసలు వద్దు.

ప్రశ్న అడిగినవారు:
ఫోన్‌తో ఒక్క ఫోటో అయినా తీసుకోవచ్చా?

జవాబు 2:
స్టేజీ మీంచి బ్యాండే తీసుకోమని చెబితే తప్ప తీయకండి. ఫోటో కావాలంటే షో అయ్యాక బుప్పాన్ (బ్యాండ్ వస్తువులు అమ్మే) బల్ల దగ్గర చెకీలు, అంటే ఇన్‌స్టంట్ ఫోటోలు, అమ్ముతారు, చాలాసార్లు ఎవరి ఫోటో వస్తుందో కొన్నాకే తెలుస్తుంది.