భావనపాడులో నాచు సాగు: విత్తనం, లోను, కొనేవాళ్లు?

భావనపాడు_కుర్రోడు: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట బంద్. వేట ఒక్కటే నమ్ముకుంటే ఇల్లు గడవట్లేదు. మా అయిదుగురం కలిసి సముద్రపు నాచు వేద్దామనుకుంటున్నాం. విత్తనం ఎక్కడ దొరుకుద్ది? లోను ఎవరిస్తారు? సరుకు కొనేదెవరు?

కళింగపట్నం_తెప్ప: తమ్ముడూ, కప్పాఫైకస్ అనే నాచు వేసి దెబ్బయిపోనాను. తమిళనాడులోని మండపం ఊళ్లో వేసినట్టే 3 మీటర్ల వెదురు తెప్ప, ఒక్కోదానికి 60 కిలోల విత్తనం. 45 రోజులకి నాలుగింతలన్నారు. నలభయ్యో రోజున వంశధార ఎర్రనీళ్లు వొచ్చీసినాయి. కొమ్మలు తెల్లబడి కుళ్లిపోనాయి. తాళ్లే మిగిలినాయి.

భోగాపురం_లక్ష్మి: వరదల కాలంలో ఎవరేస్తారండీ? జనవరిలో వేసి ఏప్రిల్లోగా రెండు కోతలు తీసుకోవాలి గానీ, నదినంటే ఏం లాభం?

కళింగపట్నం_తెప్ప: నానూ జనవరికే అడిగినాను. విత్తనం జూన్ ఆఖర్న వొచ్చింది, అదీ సగం వాడిపోయి. ముందు మీరు ఎన్ని తెప్పలేసినారో చెప్పండి!

భోగాపురం_లక్ష్మి: తెప్పలు వెయ్యలేదు. పెరట్లో స్పిరులినా అనే తినే నాచు తొట్టి ఉంది. తినే సోడా వేసి పీహెచ్ 10 దగ్గర ఉంచుతాను, రోజూ కలుపుతాను, గుడ్డలో వడగడతాను. వరదా రాదు, తుపానూ రాదు.

కళింగపట్నం_తెప్ప: తొట్టికీ సముద్రానికీ పోలికేటమ్మా?

ఆల్గే_ఎమ్మెస్సీ: నేను చదివిందే ఈ సబ్జెక్టు, కాస్త వినండి. అసలు తప్పు రకంలో ఉంది. కప్పాఫైకస్ మన జాతి కాదు. మన్నార్ సింధుశాఖలో కురుసడై దీవి పగడాల మీదికి పాకింది. గ్రాసిలేరియా అనే నాచు మన తీరానిదే, వరదనీటికి ఉప్పు కొంచెం తగ్గినా ఓర్చుకుంటుంది. దాన్నుంచి అగర్ అనే జెల్లీలాంటి పదార్థం తీస్తారు.

బారువ_కొబ్బరి: 2018 తిత్లీ తుపానుకి మా ఉద్దానంలో కొబ్బరిచెట్లే కూలిపోనాయి. ఏ రకమైతేనేం, అక్టోబరులో తెప్ప నిలుస్తాదా?

ఆల్గే_ఎమ్మెస్సీ: అక్టోబరుకి తెప్పలు ఒడ్డుకి లాగెయ్యాలి. ఈమాత్రం తెలియకుండా సాగు చెయ్యకూడదు.

బారువ_కొబ్బరి: తుపాను మాకు నేర్పొద్దు సార్.

భావనపాడు_కుర్రోడు: అన్నల్లారా, లోను సంగతి?

భోగాపురం_లక్ష్మి: కేంద్రం మత్స్య సంపద యోజన పథకంలో ఆడవాళ్ల పేరున 60 శాతం రాయితీ, జనరల్ మగవాళ్లకి 40. మీ ఇంటావిడ పేరున అర్జీ పెట్టు బాబూ.

కళింగపట్నం_తెప్ప: పెట్టు. విత్తనం ఏ తేదీకి ఇస్తారో మాత్రం కాగితం మీద రాయించుకో. పది కిలోల పచ్చినాచు ఎండితే కిలో అవుతాది, కొనేవోడు ఎండుదానికే డబ్బులిస్తాడు. లెక్క దాని మీదే వేసుకో. ఆదివారం ఇటొస్తే నా తాళ్లు ఇచ్చేస్తాను, ఊరికే పడున్నాయి.