గిన్నెకు పెట్టింది చిల్లా, బెజ్జమా?

ప్రశ్న: నేనుండేది అమెరికాలో. ఇంట్లో బీరు కాచుకునే సరదా ఉంది (ఫెడరల్ చట్టం 1979 నుంచి ఒప్పుకుంటోంది, కంగారు పడకండి). పెద్ద స్టీలు డేగిసాకు కింది భాగంలో కొళాయి బిగించడానికి గుండ్రంగా ఒక... ఇక్కడే మాట ఆగిపోయింది. ఫోనులో అమ్మతో "గిన్నెకు చిల్లు పెట్టాను" అంటే "అయ్యో, కొత్త గిన్నె కదరా!" అంది. ఏమనాలి?

జవాబు: అమ్మగారి కంగారులోనే సగం జవాబుంది. చిల్లు మనకు అక్కర్లేనిది. బిందెకు పడుతుంది, జేబుకు పడుతుంది, ఖజానాకూ పడుతుంది. కావాలని, కొలత చూసుకుని వేసేది బెజ్జం. సూదికి, పూసకు ఉండేది అదే. కన్నం వేశానని మాత్రం అనకండి, దొంగల పద్దులో చేరిపోతారు.

మరో జవాబు: కొందరు బొక్క అంటారు. మాది వరంగల్లు, మాకు ఆ మాట వింటే ముందు ఎముక గుర్తొస్తుంది. రంధ్రం ఉంది గానీ చేతిలో పనిముట్టు పట్టుకున్నవాడు అనే మాట కాదది. నా ఓటూ బెజ్జానికే.

ప్రశ్న అడిగినవారు: బెజ్జం ఖాయం. మరి క్రియ? వేయడమా, పొడవడమా, తొలవడమా?

జవాబు: ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాను, ఇది నా చోటు. వేయడం అన్నిటికీ సరిపోతుంది. మిగతావి పనిముట్టును బట్టి మారతాయి. మెట్లుమెట్లుగా లావెక్కే బిట్టు తిరుగుతూ తొలుస్తుంది. వడ్రంగి బరమా చేసేదీ అదే పని. దానికి తొరపణం అని చక్కని పాత మాట ఉంది, ఎవరూ వాడరు. గిన్నెలాంటి అంచులున్న గుండ్రటి రంపం కోస్తుంది, మధ్యలోంచి బిళ్ల ఊడిపడుతుంది. ఎలక్ట్రీషియన్లు వాడే పంచు పొడుస్తుంది. ముందు చిన్న బెజ్జం వేసి, బోల్టు దూర్చి బిగిస్తే రేకు తెగుతుంది.

పల్చటి స్టీలుకు నేనైతే మెట్ల బిట్టే వాడతాను. మామూలు బిట్టు పల్చటి రేకును పట్టి లాగేసి బెజ్జాన్ని మూడు మూలలుగా చేస్తుంది. మిషను నెమ్మదిగా తిప్పండి, గట్టిగా అదమండి, నూనె వేస్తూ ఉండండి. వేగం పెంచి పైపైన రాపాడిస్తే స్టీలు అక్కడే గట్టిపడి బిట్టునే తినేస్తుంది. చివర్లో అంచు చుట్టూ ఆకురాయి పట్టాలి.

ఇంకొకటి. అర అంగుళం కొళాయి అన్న పేరును నమ్మకండి. ఆ పైపు బయటి కొలత 21 మిల్లీమీటర్లు దాటుతుంది. నట్టు, వాషరు ఎదురుగా పెట్టుకుని కొలిచాకే తొలవండి.

ప్రశ్న అడిగినవారు: ఆలస్యంగా చెబుతున్నాను. మెట్ల బిట్టుతోనే తొలిచాను, అంచు నున్నగా వచ్చింది. నీళ్లు పోసి చూస్తే రబ్బరు వాషరు దగ్గర చుక్కచుక్కగా కారుతోంది. కొత్త వాషరు వచ్చేదాకా అమ్మ దగ్గర దాన్ని చిల్లు అనే అంటాను.